మాట వచ్చే చోటు

అత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను గుంటూరు మిర్చియార్డు బయట టీకొట్టు దగ్గర నిలబడి తుమ్ముతున్నాను. నేనే కాదు, అక్కడ అందరూ తుమ్ముతున్నారు. మార్చిలో ఆ చుట్టుపక్కల గాలికి ఒళ్ళంతా కారమే. ముఠా కూలీలకి, లారీ డ్రైవర్లకి, టీ పోసే ఆయనకి, అందరికీ కళ్ళల్లో నీళ్ళే. నాన్న లోపల మా టిక్కీల దగ్గర, అంటే మిరపకాయల బస్తాల దగ్గర, ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఎక్కడున్నావ్?" అన్నాడు మా ఊరి మస్తాను.

"యార్డు దగ్గరన్నా."

"కూర్చునే చోటేమన్నా ఉందా అక్కడ?"

"ఎందుకు?"

"ముందు కూర్చో. తర్వాత చెప్తా."

కూర్చోమన్నప్పుడే అర్థమైపోయింది. మధ్యాహ్నం అన్నం తిని ఫ్యాను కింద చాప పరుచుకుని పడుకున్న మనిషి, టీ వేళకి లేవలేదట. అంతే. నేను ఖాళీ టిక్కీల కుప్ప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరూ ఎందుకమ్మా అని అడగలేదు, అక్కడ ఏడవని వాళ్ళెవరు గనక? టీకొట్టాయన మాత్రం గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "కొత్తా అమ్మా? అలవాటైపోద్దిలే," అన్నాడు.

ఇది రాస్తున్నప్పటికి నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. పర్చూరులో మా ఎదురింటి వెనక పోర్షన్లో అద్దెకుండేది. అమ్మ ఆమెని వదినగారూ అనేది కాబట్టి నాకు అత్త. వీధికి మాత్రం నాటకాలామె. ఆ మాట అనేటప్పుడు మా వీధి ఆడవాళ్ళు గొంతు కొంచెం తగ్గించేవాళ్ళు. తగ్గించాక అది ఇంకొంచెం గట్టిగా వినబడేది.

చీరాలలో నేతపని చేసే ఇంట్లో పుట్టింది. మగ్గం దగ్గర కూర్చోవాల్సిన వయసులో స్టేజీ ఎక్కింది. మా వైపు ఊరూరా నాటక సమాజాలుండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. మగవేషాలన్నీ ఆ ఊరివాళ్ళే వేస్తారు. రైతులు, కాంపౌండరు, పంచాయతీ గుమాస్తా, ఎవరైనా. ఆడవేషానికి మాత్రం ఎవరూ వాళ్ళింటి పిల్లని పంపరు. బయటినుంచి ఒక నటిని పిలిపించుకుంటారు. అలా పిలిపించుకునే మనిషి మా అత్త. పొద్దున బస్సు దిగడం, మధ్యాహ్నం దాకా మాటలు చూసుకోవడం, సాయంత్రం ముక్కూమొహం తెలియని వాడికి భార్యై వాడికోసం గుండెలు బాదుకుని ఏడవడం, మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకొకరికి కూతురవడం. సగం జీవితం అలా గడిచింది.

"ఈ రెండు జిల్లాల్లో నేను కాపురం చెయ్యని ఊరు లేదే," అనేది నవ్వుతూ. "అన్నీ గంటా గంటన్నర కాపురాలే. గొడవపడే తీరికెక్కడిది? ఎదుటివాడు భయస్తుడా, గొప్పలరాయుడా, మందేసొచ్చాడా, కాఫీ తాగేలోపు పట్టెయ్యాలి. వాడు ఎలాంటివాడైనా వాడితోనే గట్టెక్కాలి."

హైదరాబాదులో నేను కొన్నాళ్ళు చేసిన ఆఫీసులో మమ్మల్నందర్నీ ఒకసారి రిసార్టుకి తీసుకెళ్ళారు. కళ్ళకి గంతలు కట్టి, వెనక్కి పడండి, మీ పక్కవాళ్ళు పట్టుకుంటారు, నమ్మకం పెరుగుతుంది అన్నారు. పట్టుకున్నారు కూడా. సోమవారం వచ్చి మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళం మేనేజరుకి మెయిళ్ళు పెట్టుకున్నాం. ఈ సంగతి చెబితే అత్త, "పడటం నేర్పారు సరే, పట్టుకోవడం ఎవరు నేర్పారు?" అని అడిగింది.

ఇంజనీరింగు తర్వాత హైదరాబాదులో ఆ ఉద్యోగం, ఒంగోలులో బ్యాంకు కోచింగు, చీరాలలో ఒక స్కూలు, ఏదీ నిలవక ఇంటికొచ్చి కూర్చున్న రోజుల్లో ఆమె మా గేటు దగ్గరికొచ్చింది. చంకలో చేట, చేటలో ఎండుమిరపకాయలు.

"ఖాళీగా ఉన్నావంటగా. నాకో కూతురు కావాలే."

"అమ్మనడుగత్తా," అన్నాను, ఏమిటో అర్థంకాక.

"మీ అమ్మకెందుకూ, ఆమెకి ఉందిగా. నాటికలోకి నాకు లేదు."

అమ్మ లోపల్నుంచే, "నాటికా? అది ఇంట్లో ఆడేవి చాల్లేదా వదినగారూ?" అంది. అయినా ఆ సాయంత్రం నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, అంతకంటే పెద్ద కారణం లేదు.

రిహార్సల్సు కోటయ్య బాబాయి పొగాకు షెడ్డులో. ఊరి చివర, చేలగట్టున. వానాకాలం వచ్చేసరికి కిందటేటి పొగాకు అమ్ముడైపోయి, కొత్తది ఇంకా నారుమడిలోనే ఉంటుంది కాబట్టి షెడ్డు ఖాళీ. ఖాళీ అన్నమాటే గాని వాసన పోదు. బెల్లం పాకం మాడినట్టు, ఎండిన గడ్డి తడిసినట్టు ఒక తియ్యటి మత్తు. పైన రేకులకి పడ్డ కన్నాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగేది. ఆ చుక్కలు సాయంత్రం గడిచేకొద్దీ నేలమీదినుంచి గోడెక్కి, గోడమీద ఎర్రబడి, ఎక్కడికో పోయేవి. అవి పోయాక ఇక చాలనేది అత్త. ఆ షెడ్డులో నేను మాట్లాడిన మాటలు నావి కావు, ఏడ్చిన ఏడుపు నాది కాదు, అయినా నా జీవితంలో మెలకువగా ఉన్న రోజులేవంటే అవేననిపిస్తుంది. మిగతావన్నీ బస్సు కిటికీలోంచి చూసినట్టుంటాయి.

మేం ముగ్గురం. తండ్రి వేషం కోటయ్య బాబాయిది. పొగాకు రైతు, పెద్ద గొంతు, పక్క ఊళ్ళో పోటీలు జరుగుతుంటే మైకు లేకుండా మా ఊళ్ళోకి వినబడతాడని పేరు. అత్త డైరెక్టరుగా మారిన దగ్గర్నుంచీ ఆమె నాటికలన్నిట్లో ఉన్నాడు. అల్లుడి వేషం మస్తానుది. సెంటర్లో మైకుసెట్లు, షామియానాలు అద్దెకిచ్చే షాపు అతనిది. ఎవరి పెళ్ళికైనా, చావుకైనా మస్తాను ఉండాల్సిందే కాబట్టి ఊళ్ళో అందరి గొంతూ అతనికి తెలుసు. కూతురు నేను.

నాటిక చిన్నది. తనకిష్టంలేని పెళ్ళి చేసుకుందని కూతురితో ఏళ్ళతరబడి మాట్లాడని తండ్రి, ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆమె ఇంటికి వస్తాడు. గుమ్మంలో నిలబడి, "నిన్ను చూద్దామని రాలేదమ్మా. బస్సు ఇక్కడాగింది, దిగాను. అంతే," అంటాడు. నాటికంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

అత్త ఎప్పుడూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది కాదు. పక్కగా, నేలమీద, చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ కూర్చునేది. సీను నడుస్తున్నంతసేపూ ఆ చేతులు ఆడుతూనే ఉండేవి. చేతులు ఆగాయంటే సీను చాలా బాగున్నట్టు, లేదా మరీ ఘోరంగా ఉన్నట్టు. ఏదన్నది మాకెప్పుడూ తెలిసేది కాదు. మస్తాను ఒకసారి ఉండబట్టలేక, "అక్కా, బాగున్నప్పుడు కుడిచెయ్యి ఆపు, బాలేనప్పుడు ఎడమచెయ్యి ఆపు, మాకు తెలుస్తుంది," అన్నాడు. "తెలిస్తే నా చేతులకోసం చేస్తావురా," అంది.

మా వైపు డైరెక్టర్లు చాలామంది చేసి చూపిస్తారు. ఎలా నడవాలో నడిచి, ఎలా ఏడవాలో ఏడ్చి. నటులు అది చూసి దింపేస్తారు. అత్త, అంత నటి అయ్యుండి, ఒక్క మాట కూడా చేసి చూపించలేదు. మొదట్లో నాకు కోపమొచ్చేది. ఈ ఏడుపు ఎలా రావాలో నువ్వే చేసి చూపించొచ్చుగా అత్తా అన్నాను. "నేను చేస్తే నువ్వు నన్ను చేస్తావు. స్టేజీ నిండా నేనే ఉంటాను. ఒక్కదాన్నే భరించలేక చస్తున్నా నాతో," అంది.

ఆమె పద్ధతి ఇంకొకటుండేది, అది మాత్రం ఇంకెక్కడా చూడలేదు. మొదటి వారమంతా ఎవరి మాటలు వాళ్ళు నేర్చుకోకూడదు. ఎదుటివాళ్ళవి నేర్చుకోవాలి. "నీ మాటలు నీకెటూ వచ్చేస్తాయే. మనమంటే మనకంత ముద్దు. ముందు వాడేమంటున్నాడో విను," అనేది. అందుకని ఆ వారం నేను తండ్రిని, కోటయ్య బాబాయి అల్లుడు, మస్తాను కూతురు. మస్తాను భుజాన తువ్వాలు కొంగులా వేసుకుని, "నాన్నా, ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా," అని మూతి ముడిస్తే, బాబాయి కడుపు పట్టుకుని, "ఒరేయ్ మస్తానూ, ఇట్టాంటి కూతురైతే నేను బస్సు దిగేవాణ్ణే కాదురా!" అనేవాడు. అత్త కూడా నవ్వేది. కానీ ఆ నవ్వులాటలోనే నాకొకటి తెలిసింది. తండ్రిగా ఆ గుమ్మంలో నిలబడినప్పుడు లోపలికి రమ్మనడానికి ఎదుటివాళ్ళు ఎంతసేపు తీసుకుంటున్నారో తెలిసింది. తర్వాత కూతురి వేషంలోకి వచ్చాక నేనింకెప్పుడూ అంతసేపు తీసుకోలేదు.

దిద్దడం కూడా అలాగే. అందరి ముందూ ఎవర్నీ దిద్దేది కాదు. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు, ఏదో కూరల సంగతి మాట్లాడుతూ మధ్యలో, "ఆ రెండో మాట దగ్గర ఎందుకే అంత తొందర?" అనేది. తర్వాత మళ్ళీ కూరల్లోకి వెళ్ళిపోయేది. "పదిమందిలో దిద్దితే మనిషికి ఆ దిద్దింది గుర్తుండదు, ఆ పదిమందీ గుర్తుంటారు," అనేది.

దసరా ముందు ఒక రోజు కోటయ్య బాబాయి గుమ్మంలో నిలబడి, నోరు తెరిచి, ఆగిపోయాడు. మేం చూస్తున్నాం. ఆయన షెడ్డు పైకప్పు వంక చూశాడు. తర్వాత నవ్వి, "పొగాకు ఘాటుకి బుర్ర తిరిగింది," అన్నాడు. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు రెండుసార్లు. ఒకరోజు మాటలన్నీ గడగడా చెప్పేశాడు గాని అవి రెండేళ్ళనాటి వేరే నాటికవి. మస్తాను తలొంచుకుని మైకు వైరు చుట్టలు చుట్టాడు. అత్త చేటలో చేతులు ఆగి ఉన్నాయి.

మేం వెళ్ళాల్సిన నాటిక పోటీలకి నెలకూడా లేదు. పరిషత్తు పోటీల్లో వింగులోంచి, అంటే తెర పక్కనుంచి, మాట అందిస్తే మార్కులు పోతాయి, అది అందరికీ తెలుసు. చీరాల కాలేజీలో పనిచేసే లెక్చరరొకాయన ఉన్నాడు, తండ్రి వేషాలు కట్టడంలో ఆరితేరినవాడు, ఖాళీగానే ఉన్నాడు. నేను అత్తకి అదే చెప్పాను. నా లెక్క నాకు సరిగ్గానే ఉంది, ఇప్పటికీ అది తప్పు లెక్క అనుకోను. నాటిక నిలబడాలి. బాబాయికి ఏ కారణమో చెప్పి తప్పించవచ్చు, ఆయన కూడా ఒకసారి, "నన్ను తీసెయ్యక్కా, నావల్ల మీ కష్టం పోద్ది," అనేశాడు.

మర్నాడు పొద్దున్నే అత్త, "కోటయ్య వాళ్ళింటికెళ్ళి పెరుగు తెచ్చుకుందాం రా," అంది.

బాబాయి ఇంట్లో లేడు. పిన్ని, అంటే ఆయన భార్య, గిన్నెలో పెరుగు వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"డాక్టరు దగ్గరికి ఒంగోలు తీసుకెళ్ళాం వదినా. వయసుతో వచ్చేదేనంట, తగ్గదంట. మొన్న మా చేలోకే దారి తెలియక గట్టుమీద కూర్చున్నాడు. నన్ను ఒక్కోసారి వాళ్ళమ్మ పేరుతో పిలుస్తున్నాడు," అంది. మిగతా పెరుగు వేస్తూ, "కానీ నాలుగయ్యేసరికి చొక్కా మార్చుకుంటాడు వదినా. తల దువ్వుకుని, రిహార్సలుంది, అక్క తిడుతుంది అంటాడు. షెడ్డుకి దారి ఒక్కనాడూ తప్పలేదు. ఆయన ఎక్కడికెళ్ళాలో ఆయనకి తెలిసిన చోటు అదొక్కటే మిగిలింది. మీరు తీసేస్తే తియ్యండి, నేనేమనుకోను. కానీ నాలుగింటికి ఆ మనిషికి నేనేం చెప్పాలో అదికూడా మీరే చెప్పండి."

పెరుగు గిన్నె పట్టుకుని మేం ఎండలో నడిచి వచ్చాం. పత్తిచేలు అప్పుడే విచ్చుతున్నాయి, గాలికి దూది పింజెలు దారికి అడ్డంగా తేలుతున్నాయి. ఒకటి అత్త జుట్టులో చిక్కుకుంది. ఆమెకి తెలియలేదు, నేను తియ్యలేదు. చాలాదూరం వచ్చాక, "మాటలు పోతే పోయాయి. మనిషి ఉన్నాడుగా," అంది. అప్పటికి నిర్ణయం అయిపోయింది.

ఆ రోజునుంచి రిహార్సల్సు బాబాయికి కాదు, నాకూ మస్తానుకీ. ఆయన ఎక్కడాగినా మేం ఏం చెయ్యాలో. మొదట్లో నేను ఆయన మాట మొదటి ముక్కని నోట్లో గొణిగేదాన్ని. ఆయన గభాలున అందుకునేవాడు, అందుకుని సిగ్గుపడేవాడు. ఆ సిగ్గుతో తర్వాతి నాలుగు మాటలూ పోయేవి.

"మాట అందించకండే," అంది అత్త. "మాట వచ్చే చోటు అందించండి."

"అంటే?"

"ఆ తండ్రి ఎందుకొచ్చాడు? కూతుర్ని చూడ్డానికి. అయితే చూపించు. వెళ్ళి దగ్గరగా నిలబడు. దాహమేస్తుంది, నీళ్ళివ్వు. అల్లుడు ఎందుకొచ్చారని అడగాలి, అడగరా మస్తానూ, కడుపులోంచి అడుగు. నిజంగా అడిగితే ఏ మనిషైనా జవాబు చెప్తాడు. చెప్పకపోతే నువ్వు అడగనట్టే లెక్క."

అది అనుకున్నంత సులువు కాదు. ఎదుటి మనిషికి మాట మరుపొచ్చిందని తెలిసి కూడా మన మొహంలో అది కనబడకూడదు. మన తొందర కనబడకూడదు, జాలి అసలే కనబడకూడదు. ఊరికే ఉండటం చేతకాని నాకు ఊరికే ఎదురుచూడటం నేర్పడానికి ఆమె ఎంత ఓర్చుకుందో ఇప్పుడు తెలుస్తోంది. "ఏంటే, ఆయన నోట్లోకి అలా చూస్తావు, కోడిగుడ్డు పెడతాడా?" అనేది.

పోటీలు అద్దంకి రోడ్డు మీద ఒక ఊళ్ళో, బడి ఆవరణలో. ఆ సాయంత్రం మాది మొదటి నాటిక, ఇంకా వెలుతురుండగానే మొదలైంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వెనక జనం, పక్కన చాపలమీద ఆడవాళ్ళు. అత్త వాళ్ళ మధ్య కూర్చుంది. ఆమె ఎప్పుడూ వింగులో నిలబడేది కాదు. "నేను కనబడితే వాళ్ళు నాకేసి చూస్తారు," అనేది.

బాబాయి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. నేను తిరిగి చూశాను. ఆయన నా మొహం చూశాడు, తర్వాత స్టేజీమీది మంచం, మట్టి కుండ, దండెంమీది చీర, ఒక్కొక్కటే చూశాడు. ఆ చూపు నటన కాదని నాకు వెంటనే తెలిసింది. ఆయన నిజంగా ఎక్కడున్నాడో ఆయనకి తెలియలేదు. జనం వైపు తిరిగి, చిన్న గొంతుతో, ఆ పెద్ద గొంతు మనిషి, "ఇదెవరిల్లు?" అన్నాడు.

నాటికలో ఆ మాట లేదు.

ఎక్కడో లారీ గేరు మార్చిన చప్పుడు. అల్లుడిగా స్టేజీమీద సైకిలు తుడుస్తున్న మస్తాను దాన్ని పక్కన పెట్టి, తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ, ఏమీ తొందరలేనట్టు దగ్గరికి వచ్చి, "మీ అమ్మాయిదే మావయ్యా," అన్నాడు.

బాబాయి నా వైపు చూశాడు. నేను కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను. ఇస్తూ ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన తాగాడు. గుటక గుటకకీ ఆయన మొహంలోకి ఏదో తిరిగి వస్తుండటం దగ్గర్నుంచి చూశాను, తెల్లవారుతుంటే చేనులో ఒక్కో చెట్టూ కనబడటం మొదలైనట్టు. గ్లాసు దించి, మూతి తుడుచుకుని, "నిన్ను చూద్దామని రాలేదమ్మా," అన్నాడు. "బస్సు ఇక్కడాగింది, దిగాను. అంతే."

చాపలమీద ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత నాటిక ఎలా నడిచిందో నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. నీళ్ళలోంచి వింటున్నట్టు మా గొంతులు మాకే వినబడ్డాయి. చివరికి తెరపడింది.

బహుమతి రాలేదు. టిఫిన్ పొట్లాలు వచ్చాయి. మస్తాను వ్యానులో స్పీకరు డబ్బాల మధ్య కూర్చుని ఇంటికొస్తుంటే బాబాయి ఒకటే హుషారు.

"చూశావా అక్కా! మస్తానుగాడు మధ్యలో మర్చిపోయాడు. సైకిలు తుడుచుకుంటా కూర్చున్నాడు బెల్లంకొట్టిన రాయిలా. నేనే సొంతంగా ఏదో అని లాక్కొచ్చా. లేకపోతే అక్కడే మునిగేవాళ్ళం!"

నేను నోరు తెరిచాను. "అది కాదు బాబాయ్, మర్చిపోయింది..."

"అమ్మాయ్, ఆ నీళ్ళసీసా ఇటివ్వు," అంది అత్త.

మస్తాను స్టీరింగు దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే, "అవును బాబాయ్. కాళ్ళు చేతులు ఆడలేదు నాకు. నువ్వు లేకపోతే నా పరువు పోయేదే," అన్నాడు.

"నేర్చుకోరా, నేర్చుకో. నాలుగు నాటికలు చేస్తే వస్తది," అని బాబాయి అతని భుజం తట్టి, ఇడ్లీ పొట్లం విప్పుకున్నాడు.

మర్నాడు అత్త దగ్గర కూర్చుని, "మస్తానన్న పడ్డ మాట ఊరంతా పాకుతుంది, చూడు. అది న్యాయమేనా?" అన్నాను. నిజంగానే పాకింది. కొన్నాళ్ళు సెంటర్లో అందరూ, ఏరా సైకిలు తుడవడం అయిందా అని మస్తానుని ఏడిపించారు. అతను నవ్వి ఊరుకున్నాడు.

అత్త చేటలోంచి తలెత్తి, "స్టేజీమీద ఎత్తుకున్న మనిషిని కిందికి దిగాక దబ్బున పడేస్తామా?" అంది. ఆమె నాకు నేర్పిన ఆఖరి పాఠం అదే అనుకుంటాను. తర్వాత షెడ్డులోకి పొగాకు వచ్చేసింది, మిరప కోతలు వచ్చాయి, ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. వచ్చే వానలకి ఇంకో నాటిక చేద్దామంది. అప్పుడు డైరెక్షను నువ్వే చెయ్యాలే, నేను ఊరికే కాయలు ఒలుచుకుంటాను అంది. నేను చూద్దాంలే అన్నాను. ఎప్పుడూ మనం చూద్దాంలే అంటాం.

ఆమెని సాగనంపిన రోజు కోటయ్య బాబాయి పాడె మోశాడు. చివరి దాకా భుజం మార్చలేదు. మా అక్క, మా అక్క అని వీధంతా వినబడేలా ఏడ్చాడు. గొంతులు తగ్గించి మాట్లాడిన ఆడవాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మైకు అక్కర్లేకపోయింది.

మే నెలలో పిన్ని ఫోను చేసింది. "పొగాకు వేలానికి వెళ్ళిపోయి షెడ్డు ఖాళీ అయిందమ్మా. అది చూసిన దగ్గర్నుంచీ మళ్ళీ నాలుగింటికి చొక్కా వేసుకుంటున్నాడు. రోజూ వెళ్ళి తలుపు దగ్గర కూర్చుని వస్తున్నాడు," అంది.

నేనూ మస్తానూ వెళ్ళాం. ఎందుకో, ఏం చెయ్యబోతున్నామో ఇద్దరం మాట్లాడుకోలేదు. బాబాయి అప్పటికే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెన గీతలు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"వచ్చారా? టైమంటే లెక్కలేదు మీకు. అక్క ఇంకా రాలేదేంటే?"

నేను మస్తాను వంక చూశాను. అతను వెంట తెచ్చిన టీ ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. షెడ్డులో అదే మత్తు వాసన. బాబాయి నా మొహంలోకి చూస్తున్నాడు, నిజంగా అడిగాడు, జవాబు రావాలి. నిజం చెప్పడం నాకు చాలా తేలిక. జీవితమంతా అదే చేశాను. చెబితే ఆయన ఇవాళ మళ్ళీ కొత్తగా ఏడుస్తాడు, రేపు నాలుగింటికి చొక్కా వేసుకుని వచ్చి మళ్ళీ అడుగుతాడు, రేపు మళ్ళీ కొత్తగా పోతుంది ఆమె.

"దారిలో ఉంది బాబాయ్," అన్నాను.

"ఈ ఎండలో నడిచా? ఈ మస్తానుగాడు వ్యానేసుకుని పోవచ్చుగా?"

"నేనడిగా బాబాయ్. నడిచే వస్తానంది," అన్నాడు మస్తాను. "మన మాట వింటుందా ఆమె?"

"వినదు," అని బాబాయి నవ్వాడు. లేచి గుమ్మంలోకి వెళ్ళి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మేమూ వెళ్ళి పక్కన నిలబడ్డాం. కోతలు అయిపోయి, మోళ్ళు పీకేసిన నల్లరేగడి, బీటలు వారి, చూపు ఆనేంత దూరం. పైన ఎండమావులు. చాలా దూరంలో, గట్లకి అడ్డంపడి ఒక ఆడమనిషి నడిచి వస్తోంది. నెత్తిన ఏదో ఉంది. ఎవరో కూలీ మనిషి, ఏ చేలోంచో ఇంటికి పోతున్న మనిషి అయ్యుంటుంది. ఆ వేడి అలల్లో ఆమె పాదాలు నేలకి తగులుతున్నట్టు లేవు. నీళ్ళమీద వస్తున్నట్టుంది.

"అదిగో," అన్నాడు బాబాయి. "ఆ నడక నాకు తెలీదా?"

నేను చూశాను. కాదని చెప్పడానికి నాకు ఆధారమేమీ కనబడలేదు.

బాబాయి రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టుకున్నాడు. "అక్కోయ్! మెల్లగా రా! తొందరేం లేదు, మేమిక్కడే ఉంటాం!"

ఆ గొంతు చేలన్నీ దాటి వెళ్ళింది. అంత దూరాన ఆ మనిషి ఆగింది. మా వైపు తిరిగి, చెయ్యెత్తింది.